యూరియా సంచి, అవ్వ రేషన్ బియ్యం, ఎర్రచందనం దుంగ: ఏది బ్లాక్, ఏది కాదు

గ్రూప్-2కు చదువుతున్న ఆదోని కుర్రాడొకరు అడిగిన ప్రశ్న ఇది: "బ్లాక్ మార్కెట్ అంటే దొంగ సరుకు అమ్మడమే కదా సార్? మా ఊళ్లో 266 రూపాయల యూరియా సంచిని 400కు అమ్ముతున్నారు. మా అవ్వ నెలనెలా రేషన్ బియ్యం ఆటో అతనికి పోస్తుంది. కడప వైపు ఎర్రచందనం లారీలు పట్టుకున్నారని పేపర్లో వస్తుంది. ఈ మూడూ ఒకటేనా? పుస్తకంలో ఒక్క లైను నిర్వచనమే ఉంది."

ఒకటి కావు నాయనా. మూడింటికీ చట్టాలు వేరు, నష్టపోయేవాళ్లు వేరు. అయినా మూడింటి అడుగునా ఒక పోలిక ఉంది. అది పట్టుకుంటే నిర్వచనం బట్టీ పట్టే పని ఉండదు.

నేను 1983లో తాలూకా ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. అప్పటికి మండలాలు ఇంకా రాలేదు. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో తిరిగి పౌరసరఫరాల డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. అంటే ఉద్యోగమంతా కంట్రోలు సరుకుల మధ్యే గడిచింది. ఆ చూపుతోనే చెబుతాను.

ముందు ఆ మాట సంగతి. పాత పేపర్లలో 'దొంగ బజారు' అనీ 'నల్ల బజారు' అనీ రాసేవాళ్లు. జనం మాత్రం ఎప్పుడూ 'బ్లాకులో కొన్నాం' అనే అన్నారు, అదీ ఎక్కువగా సినిమా టికెట్ గురించి. ఆ టికెట్‌నే చూడు. అది దొంగ టికెట్ కాదు. హాలు వాళ్లు అచ్చు వేయించిందే, సీటూ ఉంటుంది, ఆటా అదే. కౌంటరులో ఒక రేటు, గేటు బయట ఇంకో రేటు, అంతే. లోపల కూర్చున్నవాడి చెయ్యి తడవకుండా బయటివాడి జేబులోకి ఇరవై టికెట్లు రావు. కాబట్టి 'దొంగ సరుకు అమ్మడం' అన్న నీ నిర్వచనం మొదటి మెట్టు మీదే జారిపోయింది. సరుకు మంచిదే, దారి తప్పింది.

దారి ఎందుకు తప్పుతుందో నాకు నేర్పింది సిమెంటు. మన ఎర్రగుంట్ల, బేతంచెర్ల చుట్టూ నేలంతా సున్నపురాయే, ఫ్యాక్టరీల పొగ ఊళ్లోంచే కనిపిస్తుంది. అయినా ఒకప్పుడు గోడ కట్టుకోవాలంటే పర్మిట్ కావాలి. రేటు ప్రభుత్వం కట్టేసింది, సరుకు చాలదు, అర్జీలు కట్టలు కట్టలు. పర్మిట్ దొరికినవాడు ఇల్లు కట్టుకోకుండా ఆ కాగితాన్నే అమ్ముకునేవాడు. ఇంకొకడు పది సంచులకు పర్మిట్ తీసి ఆరు వాడి నాలుగు అమ్మేవాడు. 1982లో కంట్రోలు కొంత సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. ఆ తర్వాత సిమెంటు బ్లాకు అన్న మాట నేను వినలేదు. దాన్ని ఏ స్క్వాడూ పట్టుకుని ఆపలేదు. కట్టేసిన రేటుకూ జనం ఇవ్వడానికి సిద్ధపడ్డ రేటుకూ మధ్య తేడా పోయింది, ఆ తేడా మీద బతికేవాళ్లు వేరే పని చూసుకున్నారు.

అలాగని అన్ని కంట్రోళ్లూ ఎత్తేయమని నేననను. సిమెంటు లేకపోతే ఇల్లు ఒక ఏడాది ఆగుతుంది, బియ్యం లేకపోతే పొయ్యి ఆగుతుంది. ఈ సంగతి యుద్ధకాలంలోనే తెలిసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల కింద తెల్లవాళ్లు రేట్లు, రేషన్లు పెట్టారు. యుద్ధం అయ్యాక 1946లో తాత్కాలిక చట్టం, తర్వాత 1955లో ఇప్పుడున్న నిత్యావసర సరుకుల చట్టం. పరీక్షకు ఇది గుర్తుపెట్టుకో: ఈ చట్టం షెడ్యూలులో ఉన్నవి ఏడే. మందులు, ఎరువులు, నూనెలతో సహా ఆహార పదార్థాలు, చిలపలుగా చుట్టిన పత్తి నూలు, పెట్రోలియం ఉత్పత్తులు, జనపనార (జూట్), విత్తనాలు. అవసరమైతే కేంద్రం ఇంకోటి చేర్చవచ్చు. 2020 మార్చిలో మాస్కులు, శానిటైజర్లు అలాగే చేర్చి జూన్ నెలాఖరు దాకా ఉంచారు. ఆ మరుసటేడు రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం మన ఊళ్లలో జనం ఎంత పెట్టి కొన్నారో నీకూ గుర్తుండే ఉంటుంది.

'బ్లాక్‌మార్కెటింగ్' అన్న మాట పేరులోనే ఉన్న చట్టం ఇంకోటి ఉంది, 1980 నాటిది. దాని కింద మనిషిని ఆరు నెలల దాకా నిర్బంధంలో పెట్టవచ్చు. తమాషా ఏమిటంటే అందులో చీకటి బజారు అంటే ఇదీ అని ఎక్కడా వర్ణించలేదు. నిత్యావసర సరుకుల చట్టం కింద నేరం చేసినా, చేయించినా, లాభం కోసం ఆ చట్టం ఉద్దేశాన్ని దెబ్బకొట్టేలా వ్యాపారం చేసినా సరఫరాకు అడ్డుపడ్డట్టే అని చెప్పి ఊరుకుంది. అంటే చట్టం కూడా సరుకు రంగు చూడలేదు, అది పోవాల్సిన చోటికి పోయిందా లేదా అనే చూసింది.

ఇక మీ అవ్వ బియ్యం. ఇదే నేను ఎక్కువ ఎరిగిన సంగతి, కాస్త ఓపికగా చదువు.

1983లో రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు ఇచ్చింది. తర్వాత రేటు పెరిగింది, మళ్లీ తగ్గింది, 2011లో రూపాయి అయింది, 2023 జనవరి నుంచి ఉచితం. మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. ఆ బియ్యం కొని, మర ఆడించి, గోడౌన్ల మీదుగా షాపు దాకా చేర్చడానికి ప్రభుత్వానికి కిలోకు 40 రూపాయల దాకా అవుతుంది. అవ్వ చేతికొచ్చేసరికి సున్నా. నలభైకీ సున్నాకీ మధ్య ఎంత చోటుందో చూడు. ఆటో అతను పది రూపాయలిస్తే అవ్వకు లాభం, అతను రెండు మూడు రూపాయలు వేసుకుని పైవాడికిస్తే అతనికి లాభం, ఆ పైవాడు పాతిక దాటించి అమ్మినా కొనేవాడికి చవకే. ఒక్కరికీ నష్టం కనిపించదు. నష్టమంతా ఖజానాకు, అది ఎవరి ఇంట్లోనూ ఉండదు కాబట్టి ఎవరూ ఏడవరు.

నేను చేరిన కొత్తలో కన్నం డీలరు దగ్గర ఉండేది. బోగస్ కార్డులు, చచ్చిపోయినవాళ్ల యూనిట్లు, ఒక్క రాత్రిలో ఒకే పెన్నుతో నింపిన సేల్స్ రిజిస్టరు. వేలిముద్ర మెషీన్లు వచ్చాక ఆ ఆట చాలావరకు కట్టింది. దాంతో కన్నం డీలరు గది నుంచి కార్డుదారు గడప దగ్గరికి జరిగింది. ఇప్పుడు మెషీన్‌లో అంతా సరిగ్గానే ఉంటుంది, అవ్వ వేలు పెట్టింది, బియ్యం తీసుకుంది. అరుగు దిగేలోపు అవి ఆటోలో ఉంటాయి. 2021 నుంచి బండి ఇంటి ముందుకే తెచ్చారు, 2025 జూన్‌లో మళ్లీ షాపులకే మార్చారు. బియ్యం ఏ దారిన వచ్చినా ఆ ఆటో మాత్రం మారలేదు.

అవ్వ ఎందుకు అమ్ముతుందో కూడా చూడాలి. 'దొడ్డు బియ్యం, ముద్దవుతాయి' అంటుంది. ఈ మధ్య పోషకాలు కలిపిన గింజలు వందకు ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు కదా, అవి నీళ్లలో తేలితే 'ప్లాస్టిక్ బియ్యం సామీ' అని భయపడినవాళ్లను ఊరూరా చూశాను. అవి ప్లాస్టిక్ కాదు, బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలా ఒత్తినవి. (మా అమ్మ మాత్రం రాగి సంకటికి ఈ బియ్యమే కలవాలి, సోనాతో సంకటి కుదరదు అనేది. ఆ మాట నిజమే.) ఇంట్లో నలుగురుంటే 20 కిలోలు, పది చొప్పున రెండు వందలు. అవ్వకు చేతిలో నోటు పడేది నెలలో అదొక్కసారే కావచ్చు. కార్డు బియ్యం తినడానికి ఇచ్చినవి, అమ్మితే కార్డుకే ముప్పు. ఆ మాట అవ్వకు చెప్పు. కానీ ఈ కథలో ఆమెను దొంగను చేస్తే నీకు కథ అర్థం కానట్టే.

అసలు తెలివి మిల్లులో ఉంది. ప్రభుత్వం రైతుల వడ్లు కొని, మర ఆడించి బియ్యం ఇమ్మని మిల్లుకు పంపుతుంది. ఆ వడ్లను మంచి రేటుకు బయట అమ్ముకుని, ఆటోల్లో వచ్చిన రేషన్ బియ్యానికే ఇంకో పాలిష్ వేసి, కొత్త గోనెల్లో కుట్టి ప్రభుత్వానికే అప్పగించేవాళ్లున్నారు. రీసైక్లింగ్ అంటారు దీన్ని. అవ్వ అమ్మిన బియ్యం నాలుగు నెలలకు మళ్లీ అవ్వ దగ్గరికే వస్తాయి. మిగతావి ఇడ్లీ దోసె పిండికీ, కోళ్ల దాణాకూ, కర్ణాటక వైపుకూ, రేవులకూ పోతాయి. 2024 నవంబరులో కాకినాడ రేవులో స్టెల్లా ఎల్ అనే ఓడలో రేషన్ బియ్యం దొరికాయని అంత గోల జరిగింది ఇందుకే.

ఒక అనుభవం చెబుతాను. సరిహద్దు దగ్గర ఒక రాత్రి లారీ ఆపాం. బిల్లు ఉంది, వే బిల్లు ఉంది, జీఎస్టీ నంబరు ఉంది. సరుకు పేరు 'నూకలు'. గోనెలో చెయ్యి పెట్టి పిడికిలి తీస్తే నిండు గింజలు, మధ్య మధ్య కాస్త పసుపు తేలిన ఆ పోషకాల గింజలు. డ్రైవరు 'నాకేం తెల్దు సార్, ఎక్కిచ్చినారు, తోలుకొస్తాండా' అన్నాడు. అతనికి నిజంగానే తెలియదు. పంచనామా రాసి, శాంపిల్ తీసి, నిత్యావసర సరుకుల చట్టం 6ఎ సెక్షన్ కింద కేసు కట్టాం. ఆ సెక్షన్ కింద సరుకును జప్తు చేసే అధికారం కలెక్టరుది, మన జిల్లాల్లో జాయింట్ కలెక్టరు విచారిస్తారు. బియ్యం పాడవుతాయని ముందే వేలం వేశాం. పాట పాడటానికి వచ్చిన నలుగురిలో ఒకాయన మొహం ఎక్కడో చూసినట్టుంది. ఆ లారీ ఏ మిల్లుకు పోతోందని మాకు అనుమానమో ఆ మిల్లు ఓనరు బావమరిది. 'ఏం సార్, బాగుండారా' అని పలకరించాడు కూడా. పాట ఆయనకే వచ్చింది. ఇప్పుడు ఆ బియ్యానికి ప్రభుత్వ రసీదు ఉంది, దర్జాగా తీసుకుపోయాడు.

ఆ రోజు నుంచి నాకు రోడ్ల మీద లారీలు ఆపే తనిఖీల మీద నమ్మకం తగ్గింది. రేటులో తేడా లాభాన్ని పుట్టిస్తుంది, కాగితంలో తేడా దాన్ని దాస్తుంది. దొంగ వ్యాపారం అంటే కాగితాలు లేని వ్యాపారం అనుకుంటారు. నేను చూసినవాటిలో పెద్దవన్నీ చక్కటి కాగితాలతో నడిచినవే. ఆటోను పట్టుకుంటే పేపర్లో ఫొటో వస్తుంది. మిల్లుకు వచ్చిన వడ్ల లెక్క, అక్కడి కరెంటు బిల్లు, అప్పగించిన బియ్యం లెక్క పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే ఫొటో రాదు, నిజం వస్తుంది. మర ఆడకుండా కరెంటు మీటరు తిరగదు కదా.

సరిహద్దు సరుకుల గురించి రెండు మాటలు. 2020 మేలో మన రాష్ట్రంలో మందు రేట్లు రెండు విడతల్లో 75 శాతం పెంచారు. అటు బళ్లారి, రాయచూరు జిల్లాల్లో టెట్రా ప్యాకెట్ చవక. దాంతో హాలహర్వి, హొళగుంద, డి.హీరేహాళ్ దారులన్నీ రద్దీ అయ్యాయి, బైకు సీటు కింద, పాల క్యానులో, గడ్డి ట్రాక్టరులో. తెలంగాణ వైపు నుంచి వచ్చేవి పంచలింగాల చెక్‌పోస్టు దగ్గర దొరికేవి. ఆ మందు కర్ణాటకలో సక్రమమైన సరుకు, పన్ను కట్టిందే. గీత దాటగానే నేరం అయింది. అదే గీత దగ్గర డీజిల్ చూడు. అటువైపు చవక అని మన లారీలు ట్యాంకు నింపుకుని వస్తాయి, అది నేరం కాదు. తేడా రెండు చోట్లా ఉంది, చట్టం ఒకదాన్ని వద్దంది, ఒకదాన్ని పట్టించుకోలేదు. మన కడప జిల్లాకు ఈ సంగతి కొత్త కాదులే. 1938లోనే రాజాజీ ప్రభుత్వం చిత్తూరుతో పాటు కడపలో మద్యనిషేధం పెట్టింది, పొరుగు జిల్లాలో మాత్రం కల్లంగడి తెరిచే ఉండేది.

ఎర్రచందనానికి వస్తే, అది బ్లాక్ మార్కెట్ లెక్కలోకి రాదు. నిత్యావసరం కాదు, ఎవరూ దానికి రేషన్ రేటు కట్టలేదు. అది స్మగ్లింగ్. 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కింద కేసు, 2016లో శిక్షలు పెంచారు. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచంలో మన చుట్టుపక్కల కొండల్లోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, కొంచెం నల్లమల, వెలిగొండ. అరుదైన మొక్కలు, జంతువుల విదేశీ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఉంది. పట్టుబడిన దుంగలను ప్రభుత్వమే గ్రేడు కట్టి వేలం వేస్తుంది. అంటే సక్రమమైన దారీ ఉంది, కానీ అది సన్నది, చైనాలో ఖరీదైన ఫర్నిచరు మీద మోజు పెద్దది. ఇక్కడ తేడా మనిషి ప్రాణాల దాకా పోతుంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు, అందరూ తమిళనాడు నుంచి చెట్లు కొట్టడానికి వచ్చినవాళ్లని చెప్పారు. గొడ్డలి పట్టినవాడికి దక్కేది కూలి. ముందు నడిచే పైలట్ కారు వాడికి అంతకన్నా ఎక్కువ. రేవులో కంటైనరుకు వేరే సరుకు పేరుతో కాగితం పుట్టించినవాడి పేరు మాత్రం మన ఊరి దాకా రాదు. ఇక్కడా చివర్లో ఉన్నది కాగితమే, చూశావా.

బంగారం గురించి ఒక్క ముక్క. 1963లో బంగారం కంట్రోలు పెట్టి కొత్త నగలు 14 క్యారట్లు దాటకూడదన్నారు, దేశమంతటా కంసాలులు వీధిన పడ్డారు. 1968లో చట్టం చేశారు, 1990లో ఎత్తేశారు. ఆ తర్వాత మిగిలింది దిగుమతి సుంకం. 2022 జూలైలో 15 శాతం, 2024 జూలైలో 6 శాతం. ప్రొద్దుటూరు బజారులో ఎవరినడిగినా చెబుతారు, ఆ అంకె పెరిగినప్పుడల్లా బిల్లు లేని బిస్కెట్లకు గిరాకీ పెరుగుతుంది.

నీది ఆదోని కాబట్టి పత్తి గింజల మాట కూడా చెప్పాలి. బీజీ-2 (పురుగును తట్టుకునే బీటీ పత్తి విత్తనం) ప్యాకెట్‌కు ప్రభుత్వం రేటు కడుతుంది, అంతకు మించి అమ్మితే బ్లాక్. కలుపు మందు తట్టుకుంటుందని చెప్పి అమ్మే 'బీజీ-3'కి అసలు అనుమతే లేదు, ఏ రేటుకు అమ్మినా నేరమే. మొదటిది మొలవకపోతే బిల్లు పట్టుకుని పోట్లాడవచ్చు. రెండోది మొలవకపోతే రైతు ఎవరితోనూ చెప్పుకోలేడు, తానే దొంగ సరుకు కొన్నాడు మరి.

యూరియాను చివరికి ఉంచాను, అందులో నువ్వు చెయ్యగలిగింది ఉంది కాబట్టి.

45 కిలోల సంచి 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చు దీనికి ఎన్నో రెట్లు, మిగతాది కేంద్రం కంపెనీకి సబ్సిడీగా కడుతుంది. ప్లైవుడ్ జిగురు చేసే ఫ్యాక్టరీలకూ యూరియానే ముడిసరుకు. వాళ్లు సబ్సిడీ లేనిది కొనాలి, అది ఖరీదు. 2015లో యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేసిన కారణాల్లో ఈ మళ్లింపును అడ్డుకోవడం ఒకటి. ఇక కొరత. కేసీ కాలువ కింద వరి, మెట్టన మొక్కజొన్న, పత్తి, అన్నింటికీ వాన పడ్డ ఆ పది రోజుల్లోనే కావాలి. 2025 వానాకాలంలో క్యూలు చూశాం కదా. ఆ పది రోజులే 400 రేటు పలుకుతుంది.

1985 నాటి ఎరువుల కంట్రోలు ఆర్డరు కింద సంచి మీది రేటుకు మించి అమ్మడం నేరం, నిత్యావసర సరుకుల చట్టం కింద జైలు దాకా పోతుంది. అందుకే తెలివైనవాడు 400 అని బిల్లు రాయడు. 266.50 రాసి, పక్కన జింకు పొట్లమో గుళికలో అంటగడతాడు. మన రైతులు 'లింకు పెట్టినాడు' అంటారు. ఆ లింకు కూడా చెల్లదు. 'అది తీసుకోకపోతే ఇది లేదు' అంటే, ఆ మాట అన్న తేదీ, షాపు బోర్డు, స్టాకు బోర్డు ఫొటో తీసి మండల వ్యవసాయాధికారికి రాసివ్వు. నోటి మాటగా చెబితే ఎక్కడా నమోదు కాదు, అర్జీ ఇచ్చి రసీదు తీసుకో.

ఇంకో పని, ఇది నూటికి తొంభై మంది చెయ్యరు. 2018 నుంచి ఎరువు అమ్మాలంటే షాపులో అమ్మకం నమోదు చేసే పాస్ మెషీన్‌లో కొనేవాడి వివరాలు, మామూలుగా ఆధార్, వేలిముద్ర, పడాలి, ఆ అమ్మకం మెషీన్‌లో ఎక్కితేనే కంపెనీకి సబ్సిడీ. వేలు పెట్టాక మెషీన్‌లోంచి వచ్చే చిన్న చీటీ అడిగి తీసుకో, సంచుల లెక్క చదువు. నీకు ఇచ్చినవి రెండు, చీటీలో ఉన్నవి ఐదు అయితే, మిగిలిన మూడు నీ పేరుతో నీ పొలంలో చల్లినట్టు ఢిల్లీలో లెక్క ఉంది. ఆ మూడే పక్క ఊరి రైతుకు 400 అయ్యాయి.